ముందు గుర్రం

మొన్న ఆదివారం మా పాప క్లాసులో చదివే పిల్ల పుట్టినరోజుకి వెళ్ళాం. ఈ మధ్య గురుగ్రామ్‌లో ఎవరూ పుట్టినరోజులు ఇళ్ళల్లో చేయడం లేదు. వీళ్ళు గుర్రపుస్వారీ నేర్పే చోట పెట్టారు. పిల్లలందరికీ గట్టి టోపీలు, ఛాతీకి మెత్తటి కవచాలు, ఒక్కో గుర్రం పక్కన ఇద్దరేసి మనుషులు. అయినా ఒక పిల్లాడు జారి ఇసుకలో కూలబడ్డాడు. అంతే, నేర్పేవాళ్ళంతా వాడి దగ్గరికి పరుగు. "హిలనా మత్ బేటా, హిలనా మత్" అంటూ కదలనివ్వకుండా పట్టుకుని, కళ్ళలోకి చూసి, వేళ్ళు మడిపించి, తెరిపించి, వాళ్ళమ్మని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టారు. వాడికేమీ కాలేదు. ఐస్‌క్రీమ్ కావాలన్నాడు.

నేను మాత్రం కంచె పట్టుకుని ఏడ్చాను. పక్కనున్న తల్లులు భయపడ్డాననుకుని నీళ్ళ సీసా చేతిలో పెట్టారు. ఇంటికెళ్ళే దాకా ఆగలేక కారులోంచే, మెట్రో లైను అటు చివర వైశాలిలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. అందరూ పిల్లాడి దగ్గరికే పరుగెత్తారే, ఒక్కరు కూడా వాణ్ణి లేచి మళ్ళీ ఎక్కమనలేదే అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అక్క అంతా విని, "మరి గుర్రాన్ని ఎవరు పట్టుకున్నారు?" అంది.

ఠక్కున ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోయింది. కారు నడుపుతున్న మా ఆయన ఏమైందని అడిగాడు. ఆయనకి చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

నాన్నది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. చిన్న వయసులోనే సైన్యంలో గుర్రాల దళంలో చేరాడు. రిటైరయ్యాక ఊరికి తిరిగి వెళ్ళకుండా, ఇప్పుడు ఈ అద్దాల మేడలున్న గురుగ్రామ్ అంచున ఒక మైదానంలో స్వారీ నేర్పే ఉస్తాద్‌గా కుదిరాడు. అప్పుడక్కడ మేడల్లేవు. ఆవాల చేలు, ఇటుక బట్టీలు, మధ్యలో మా మైదానం. దాన్ని నడిపేది సైన్యంలోనే పెద్ద ఆఫీసరుగా చేసిన ఒక ముసలాయన. గుబురు మీసాలుండేవి. ఆయన లేనప్పుడు మేం మీసాల అంకుల్ అనేవాళ్ళం. గుర్రాల కొట్టాల వెనక వరసగా ఉన్న రెండేసి గదుల ఇళ్ళలో ఒకటి మాది.

మా ఇంట్లో పొద్దున్నే కాఫీ వాసన వచ్చేది కాదు. నానబెట్టిన శనగలు, బెల్లం కలిపి ఉడికించిన గోధుమ తవుడు, జీనులకి పట్టించే నూనె, పచ్చి లద్దె, వీటన్నిటి మీదా గుర్రం చెమట. స్కూల్లో పిల్లలు నా పక్కన కూర్చోవడానికి ముక్కు మూసుకునేవారు. నాకేమో వాళ్ళ దగ్గర ఏ వాసనా లేకపోవడం వింతగా ఉండేది. నేనూ అక్కా కొట్టంలోకి దూరి గుర్రాల శనగలు, బెల్లం జేబుల్లో కుక్కుకుని వచ్చేవాళ్ళం. ఒకసారి అమ్మ ఊరి నుంచి తెప్పించిన ఉలవలతో చారు కాస్తే, ఆ వాసనకి వచ్చిన మీసాల అంకుల్ గిన్నెలోకి తొంగిచూసి, "అరే ఉస్తాద్, మా గుర్రాల దాణా నువ్వు తింటున్నావా!" అని పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత రెండుసార్లు పోయించుకుని తిన్నాడు. ఆ మాట మైదానమంతా పాకి, అమ్మ కనిపిస్తే చాలు "భాభీజీ, ఆజ్ దాణా బనాయా క్యా?" అని అడిగేవారు. అమ్మ నవ్వేది కాదు.

అక్కడి మనుషులకి ప్రేమ లేదని అనను. అంటే కళ్ళు పోతాయి. అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు మా పొయ్యి వెలగలేదు. అన్ని ఇళ్ళ నుంచీ పరాఠాలు, పప్పు, ఖీరు వచ్చిపడ్డాయి. ఎవరింట్లో పెళ్ళైనా అందరూ పెళ్ళివారే. ఎవరైనా పోతే మోసేది వాళ్ళే. స్వారీ చేసే ఇళ్ళన్నీ ఒకే ఇల్లు. కాకపోతే ఆ ఇంటికి ఒక గడప ఉంది. మైదానం చుట్టూ తెల్లరంగు వేసిన కర్ర కంచె ఉండేది. రైలింగ్ అనేవాళ్ళం. స్వారీ చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ దాని లోపల అడుగు పెట్టకూడదు. తల్లులైనా సరే, చుట్టాలైనా సరే. అన్నేళ్ళలో అమ్మ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. టిఫిన్ డబ్బా రైలింగ్ పైనుంచి అందించి వెనక్కి తిరిగేది.

ఇక పడితే ఏం చేయాలో పాలు మానిపించేటప్పటి నుంచే నేర్పేవారు. పడినా కళ్ళెం వదలకూడదు. వదిలితే గుర్రం రోడ్డెక్కుతుంది, లారీ కింద పడుతుంది. పడగానే అందరూ గుర్రం దగ్గరికి పరుగెత్తాలి. కాళ్ళు తడమాలి, నోరు చూడాలి, నడిపించాలి. అది బాగుందని తేలాక, పడినవాళ్ళు అదే గుర్రాన్ని మళ్ళీ ఎక్కాలి. అప్పటిదాకా "దెబ్బ తగిలిందా" అని ఎవరూ అడగకూడదు. అడిగితే భయం ఒంట్లో దిగిపోతుందట. మళ్ళీ ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చాక చప్పట్లు కొట్టేవారు, పడినవాళ్ళ పేరు మీద జిలేబీలు తెప్పించుకుని తినేవారు.

ఎందుకలా అని నేనొకసారి నాన్నని అడిగాను. "గుర్రం నోరులేనిది. నొప్పుందని అది చెప్పుకోలేదు. మనిషి చెప్తాడు కదా" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. మనిషి చెప్తాడు, నిజమే. చెప్తే నవ్వుతారు. నేను మొదటిసారి పడినప్పుడు గడ్డం చీలి రక్తం గౌను మీదికి కారింది. నాన్న వంగి నా పొట్టి పోనీ గుర్రం నాలుగు కాళ్ళూ తడిమి, తలెత్తి నా వైపు చూసి, "లగామ్ క్యోఁ ఛోడీ?" అన్నాడు. కళ్ళెం ఎందుకు వదిలావని. నేను బావురుమన్నాను. ఆ నెలంతా అంకుల్స్ నన్ను "ఛుయీముయీ" అని పిలిచారు, ముట్టుకుంటే ముడుచుకుపోయే మొక్క పేరు. నా జిలేబీలు తింటూనే పిలిచారు.

అక్క అలా కాదు. అక్క ఏడ్చేది కాదు. మైదానంలో అందరికంటే బాగా ఎక్కేది అక్కే, మగపిల్లల్ని కూడా కలుపుకుని చెప్తున్నాను. ఒక ఎర్ర ఆడగుర్రం ఉండేది, మహా పొగరుది. ఇంకెవరు ఎక్కినా విదిలించేసేది. అక్కకి మాత్రం చిక్కింది. అక్క క్యారెట్ సగం కొరికి మిగతా సగం దాని నోట్లో పెట్టేది. అమ్మ చూసి "సీ, ఎంగిలి!" అని అరిస్తే, "దాని ఎంగిలి నేను తినట్లేదు కదమ్మా, నా ఎంగిలే అది తింటోంది" అనేది.

చలికాలం పొద్దున్నే మంచులో అందరం వరసకట్టి ఆవాల చేల పక్కనుంచి గుర్రాల్ని పరుగు తీయించేవాళ్ళం. ముందు గుర్రం కనిపించేది కాదు, డెక్కల చప్పుడు మాత్రం వినిపించేది. ఆ చప్పుడు వెంట మా గుర్రాలు వాటంతటవే పోయేవి. ఎక్కడో ముందు నుంచి అక్క "గడ్డా!" అని కేకేస్తే అందరం గుంత ఉందని తెలుసుకుని దూకేవాళ్ళం. ముక్కుల్లోంచి నీళ్ళు, చెవులు మొద్దుబారిపోయి, గుండె నోట్లోకి వచ్చేసేది. అంత సంతోషం తర్వాత నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు. దేనిగురించి మొత్తుకుంటున్నానో మీకు తెలియాలి కదా, అందుకని ఇదీ చెప్తున్నాను.

ఆ చలికాలమే పోటీల సెలక్షన్ వచ్చింది. దేశం మొత్తం మీద జరిగే పిల్లల పోటీలకి మా మైదానం నుంచి ఒక్క ఆడపిల్లని పంపుతారు. అక్క, లేదంటే మీసాల అంకుల్ మేనకోడలు. ఇద్దరిలో ఎవరన్నది ఉస్తాదే తేల్చాలి. నాన్నకి మనసంతా అక్క మీదే. అసలు నాన్న ఇంట్లో మాట్లాడే మనిషే కాదు. అలాంటిది ఆ రోజుల్లో అన్నాల దగ్గర పప్పుగిన్నె, నీళ్ళ గ్లాసు, పచ్చడి జాడీ వరసగా పెట్టి, అవి అడ్డుకర్రలని, రెండు వేళ్ళతో గుర్రాన్ని పరిగెత్తించి చూపించేవాడు. "ఇక్కడ తొందరపడకూడదు. ఇక్కడ ఊపిరి పట్టాలి. ఆఁ, ఇప్పుడు దూకు!" అక్క కళ్ళు ఇంతింత చేసుకుని చూసేది. అమ్మ "ఆ పచ్చడి ఇటివ్వండి, దూకించింది సాల్లే" అనేది. నాన్న నవ్వేవాడు. నాకైతే అసూయగా ఉండేది.

సెలక్షన్‌కి నెలన్నర ముందు, పొద్దున సాధనలో, ఎర్రది ఒక అడ్డుకర్ర దగ్గర చివరి క్షణంలో ఆగిపోయింది. అక్క దాని మెడ మీదుగా ఎగిరి, కర్రని నిలబెట్టే దుంగ మీద ఎడమ పక్కగా పడింది. గుర్రం బెదిరి ముందుకు ఉరికి, కర్రలకి మోకాలు కొట్టుకుంది. అక్క కళ్ళెం వదల్లేదు. అది ఈడ్చుకుపోతుంటే ఇసుకలో బోర్లా జారుతూ కూడా వదల్లేదు. రైలింగ్ చుట్టూ ఉన్నవాళ్ళంతా "షాబాష్! షాబాష్!" అని అరిచారు. నా పోనీ మీద నేనూ అరిచాను.

అందరూ పరుగెత్తారు. ఎర్రదాని మోకాలు గీరుకుపోయి కాస్త రక్తం కనిపించింది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని కాలు ఎత్తి, మడిచి, చాచి చూశాడు. ఒకరు నీళ్ళు తెచ్చారు, ఒకరు పసుపు తెచ్చారు. మీసాల అంకుల్ పశువుల డాక్టరుకి కబురు చేయించాడు. అక్క పక్కనే నిలబడి ఉంది, ఎడమ చేయి పొట్టకి ఆనించుకుని. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి కుంటడం లేదని తేల్చుకున్నాక నాన్న అక్క వైపు చూసి, "చఢో" అన్నాడు.

ఎక్కింది. వరసలో ఉన్న కర్రలన్నీ ఒక్కటి కూడా తగలకుండా దూకించింది. చప్పట్లు. జిలేబీలు వచ్చాయి. అక్క ఒక ముక్క కొరికి పక్కకెళ్ళి వాంతి చేసుకుంది. "లో, జిలేబీ సే డర్ గయీ!" అన్నాడొక అంకుల్, జిలేబీకి జడుసుకుందని. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయింది.

ఇంటికొచ్చాక ఎడమ భుజం లాగేస్తోందంది. దెబ్బ తగిలింది పక్కటెముకల కింద, నొప్పి భుజంలో. గుర్రాలకైతే ఏ కాలికి ఏ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో నాన్నకి క్షుణ్ణంగా తెలుసు. పిల్లకి మాత్రం "భుజం పట్టేసింది, అంతే. రేపటికి సర్దుకుంటాది" అన్నాడు. గుర్రాల కాళ్ళకి రుద్దే మందు, ఘాటైన నల్లటి నూనె, తెచ్చి అక్క భుజానికి బాగా మర్దనా చేశాడు. ప్రేమగానే చేశాడు. తర్వాత డాక్టరుతో కలిసి ఎర్రదాని మోకాలు చూడటానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అక్క వంటింట్లో మంచినీళ్ళు ముంచుకుంటూ అలాగే కిందికి జారిపోయింది. అమ్మ కేక విని పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నాన్న కొట్టం నుంచి వచ్చేసరికి అమ్మ అక్క తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. నాన్న మీద అమ్మ గొంతెత్తగా నేను చూసింది అదే మొదలు.

"గుర్రం మోకాలు సూసినారు! పిల్ల మొగం ఒక్కపాలి సూసినారా? పిల్ల మొగం?"

ఆసుపత్రిలో కడుపు కోసి చూస్తే లోపలంతా రక్తమే. పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్ పగిలిందని తీసేశారు, నలిగిపోయిన ఎడమ కిడ్నీ తీసేశారు. డాక్టరు బయటికొచ్చి పొద్దున్నే ఎందుకు తేలేదని అరిచాడు. "భుజం నొప్పన్నది సాబ్" అన్నాడు నాన్న. ఇక జన్మలో గుర్రం ఎక్కకూడదని, మిగిలిన ఒక్క కిడ్నీకి దెబ్బ తగిలితే తను చేయగలిగింది ఏమీ ఉండదని డాక్టరు తేల్చి చెప్పాడు.

అక్కకి తెలివొచ్చాక మేం ముగ్గురం మంచం దగ్గర నిలబడ్డాం. అక్క నాన్న వైపు చూసి, "ఎర్రది కుంటుతోందా?" అంది.

"లేదు. బాగుంది. వాపు దిగిపోయింది" అన్నాడు నాన్న.

ఇద్దరూ నవ్వుకున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక వారం పాటు మైదానమంతా మా ఇంట్లోనే ఉంది. పళ్ళు, హల్వాలు, మునుపటిలాగే పరాఠాలు. అక్క కళ్ళెం వదలని కథ వచ్చినవాళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఇక ఎక్కదన్న సంగతి అందరికీ అర్థమయ్యాక రాకపోకలు తగ్గాయి. దారిలో కనిపిస్తే "కైసీ హో బేటీ" అని ఆగకుండా వెళ్ళేవారు. ఎవరూ చెడ్డగా ప్రవర్తించలేదు. మిగతా లోకంలోని ఆడపిల్లలతో ఎలా మాట్లాడతారో అక్కతోనూ అలాగే మాట్లాడారు. ఆ మర్యాద చూస్తే నాకు తన్నాలనిపించేది.

ఎర్రదాన్ని మీసాల అంకుల్ మేనకోడలికిచ్చారు. గుర్రం ఖాళీగా ఉండకూడదు కదా. ఒక రోజు నాన్న గుమ్మంలో నిలబడి అక్కతో, "నీ బూట్లు ఆ పిల్లకి సరిపోతాయి. ఊరికే పడుంటే తోలు పగిలిపోద్ది" అన్నాడు. అక్క బూట్లు తీసి, పాలిష్ పట్టడానికి కూర్చుంది. అమ్మ చూసింది, చూసింది, ఒక బూటు లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టింది. అక్క లేచి మెల్లగా వెళ్ళి, దాన్ని తెచ్చుకుని, దుమ్ము తుడిచి, మళ్ళీ మొదటి నుంచి పాలిష్ పట్టింది.

సెలక్షన్ రోజున అక్క కూడా వచ్చింది. నేను లోపల నా పోనీ మీద ఉన్నాను. మేనకోడలు ఎర్రదాన్ని ఎక్కబోతోంది. ఆ గుర్రానికో జిత్తు ఉంది. పొట్ట కింద నుంచి జీను పటకా బిగించేటప్పుడు కడుపు ఉబ్బిస్తుంది, తర్వాత ఊపిరి వదిలితే పటకా వదులై జీను జారిపోతుంది. అక్క ఆ మాట చెప్పడానికి రైలింగ్ కింద నుంచి వంగి లోపలికి వచ్చి, "ఏక్ బార్ ఔర్ కసో, యే పేట్ ఫులాతీ హై" అని, ఇంకోసారి బిగించమంటూ పటకా మీద చెయ్యేసింది.

నాన్న మైదానం మధ్యలో ఉన్నాడు. అక్కడి నుంచే, అందరికీ వినబడేలా, "జో సవార్ నహీఁ, వో రైలింగ్ కే బాహర్" అన్నాడు. స్వారీ చేయనివాళ్ళు బయటికి అని.

అక్క మొదట తనని కాదనుకుంది. వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరు లోపలికి వచ్చారా అని. వెనక ఎవరూ లేరు. నాన్న ఈసారి చేత్తో చూపించాడు. అంతకుముందు పోటీల్లో గెలిచినప్పుడల్లా అక్కని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించిన అంకుల్స్ అందరూ అక్కడే ఉన్నారు. అక్క పటకా మీద నుంచి చెయ్యి తీసి, వచ్చిన దారినే వంగి బయటికి వెళ్ళింది. ఆపరేషన్ కుట్ల వల్ల వంగడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అందరూ ఆగి చూశారు.

ఆ పిల్ల పడాలని నేను దేవుళ్ళందరికీ మొక్కాను. పడలేదు. శుభ్రంగా దూకింది. నాన్న ఎర్రదాని మెడ నిమిరి, ఆ పిల్ల వీపు తట్టాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రైలింగ్ బయట ఉన్న అక్క. ఇంటికి నడుస్తూ "నాకంటే బాగా కూర్చుంటుంది అది" అంది. నేను ఏడుస్తుంటే "నాన్న చెప్పింది రైటేనే. ఎక్కనివాళ్ళు లోపలుంటే గుర్రాలు బెదురుతాయి" అని నాకే నచ్చజెప్పింది. ఇప్పటికీ అదే అంటుంది. ఆ విషయంలో కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు తోడు రాదు.

మర్నాడు పొద్దున్న నాన్న బూట్లు తొడుక్కుని, "నడు" అన్నాడు. రానన్నాను. "భయమా?" అన్నాడు. కాదన్నాను. ఒక్కడే వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ పిలవలేదు.

ఆ తర్వాత అన్నాల దగ్గర పచ్చడి జాడీ దాని చోటే ఉండేది. గుర్రం ఎక్కని మనుషులతో ఏం మాట్లాడాలో నాన్నకి తెలియదు. కూతుళ్ళమైనా అంతే. నేను ఊరుకున్నాను. అక్క ఊరుకోలేదు. సాయంత్రం నాన్న రాగానే "ఎర్రది దాణా తిందా?" అని అడిగేది. "తింది." "లాడాలు మార్చారా?" "రేపు." ఆ నాలుగు ముక్కల కోసం గుమ్మంలో కాచుకుని ఉండేది. ధౌలా కువాన్‌లో కాలేజీకి వెళ్ళే రోజుల్లో బస్సు ఆలస్యమైతే పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చేది, నాన్న పడుకోకముందే అడగాలని. పెళ్ళై వైశాలి వెళ్ళాక ఫోన్‌లో అడిగేది. మైదానం అమ్మేసి మేడలు లేపాక ముసలి గుర్రాల్ని మీసాల అంకుల్ వాళ్ళ ఫామ్‌హౌస్‌కి మార్చారు. నాన్న రోజూ అక్కడికి వెళ్ళేవాడు, అక్క రోజూ అడిగేది.

ఎర్రది బాగా ముసలిదై, ఒక వానాకాలం కడుపునొప్పితో చచ్చిపోయింది. ఆ రోజు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. నాన్న ఫోన్ చేయలేదు. మెట్రో ఎక్కి, ఎప్పుడూ రాని మనిషి, వైశాలి దాకా తనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క మొహం చూసి "పోయిందా?" అంది. నాన్న తలూపాడు. ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. అంతకుముందు నాన్న ఏడవడం ఎప్పుడూ చూడలేదు నేను, అక్క ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా. టీ తాగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నాన్న చాలా ఏళ్ళే బతికాడు. పండగలకీ పబ్బాలకీ అక్క ఫోన్ చేసేది. "ఎలా ఉన్నావు నాన్నా?" అనేది. "బాగున్నాను" అనేవాడు. కాసేపు అలాగే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉండి, అమ్మకిచ్చేసేవాడు.